ఐదు నిమిషాలకే ఇంజిన్ ఖతం: ఫ్లైట్ సిమ్‌లలో ఈ లెక్క ఎక్కడిది?

కూకట్‌పల్లి_కోబ్రా | శుక్రవారం, రాత్రి 11:20

ఐఎల్-2 గ్రేట్ బ్యాటిల్స్ అనే యుద్ధ విమానాల గేమ్‌లో అమెరికన్ ఫైటర్ పి-40 నడిపేవాళ్లకు ఈ బాధ తెలిసిందే. వెనకాల జర్మన్ ఫైటర్ మెస్సర్‌ష్మిట్ 109 పడుతుంది, థ్రాటిల్ ముందుకు తోస్తాం. కూలెంట్ టెంపరేచర్ మామూలుగా ఉంటుంది, ఆయిల్ టెంపరేచర్ మామూలుగా ఉంటుంది, ఆయిల్ ప్రెషర్ సూది కదలదు. కానీ లోపల ఎక్కడో ఒక గడియారం నడుస్తుంటుంది. దాని టైమ్ అయిపోగానే ఇంజిన్ దెబ్బతిన్నదని స్క్రీన్ మీద మెసేజ్, ఆ తర్వాత గిలగిలా కొట్టుకుని ఆగిపోవడం. పోనీ ముందే థ్రాటిల్ తగ్గించి కాసేపు మెల్లగా పోయామా, ఆ గడియారం మళ్లీ నిండుకుంటుంది! ఇది ప్రీపెయిడ్ డేటా ప్యాక్ లెక్క ఉంది కానీ ఇంజిన్ లెక్క లేదు.

మాన్యువల్‌లో ఫుల్ పవర్‌కు ఐదు నిమిషాలు అని ఉంటే ఆరో నిమిషంలో కనెక్టింగ్ రాడ్ బయటికొస్తుందని కాదు కదా? అసలు పి-40లో ఉన్న అలిసన్ వి-1710 సంగతే చూడండి. టేకాఫ్‌కు రాసిన మానిఫోల్డ్ ప్రెషర్ (సిలిండర్లలోకి తోసే గాలి ఒత్తిడి, పాదరసం అంగుళాల్లో) 45.5 అంగుళాలు. తర్వాత యుద్ధ అవసరానికి 56 అంగుళాల దాకా ఒప్పుకున్నారు. 1942 డిసెంబర్‌లో అలిసన్ కంపెనీ వాళ్లే రాసుకున్న లేఖ ఒకటుంది. మధ్యప్రాచ్యంలో 66 అంగుళాలు, ఆస్ట్రేలియాలో 70 అంగుళాల దాకా లాగుతున్నారని అందులో మొత్తుకున్నారు. సముద్ర మట్టం దగ్గర గాలి ఒత్తిడే దాదాపు 30 అంగుళాలు. అంటే దానికి రెట్టింపు దాటించి నడిపారన్నమాట. ఇక్కడ మనకేమో అందులో చాలా తక్కువకే ఇంజిన్ పోతోంది.

దీనికి సమాధానం కావాలి. "రియలిజం అన్నా" అని ఒక్క ముక్కతో తేల్చేయకండి.

109_రాజు | 11:34

పి-40 వాళ్ల ఏడుపు మళ్లీ మొదలు. 109 నడుపు భయ్యా. ప్రాప్ పిచ్ (ప్రొపెల్లర్ రెక్కల కోణం) దానంతట అదే చూసుకుంటుంది, రేడియేటర్ దానంతట అదే చూసుకుంటుంది. నువ్వు కాల్చడం ఒక్కటి చూసుకుంటే చాలు.

కూకట్‌పల్లి_కోబ్రా | 11:37

మీ 109 జి-6కే కదా 1.42 అటా (మానిఫోల్డ్ ప్రెషర్‌కు జర్మన్ల కొలత) వాడొద్దని నిషేధం పెట్టింది? డీబీ 605 ఇంజిన్లో పిస్టన్లు కాలిపోతుంటే, ఆయిల్ నురగ కట్టి బేరింగులు పోతుంటే, 1943లో చాలాకాలం 1.3 దగ్గరే ఆపేశారు. గేమ్‌లో నీకు ఆ టెన్షన్ ఉందా?

109_రాజు | 11:41

గేమ్‌లో మాక్కూడా టైమర్ ఉంది. మేం ఏడవం, అంతే తేడా.

పాత_ఫిట్టర్_అల్వాల్ | శనివారం, ఉదయం 6:05

రాత్రంతా కొట్టుకున్నారు కదా, ఇప్పుడు కాస్త వినండి. నేను గేములు ఆడింది తక్కువ. మనవడి పుణ్యమా అని ఈమధ్యే మొదలుపెట్టాను. కానీ శిక్షణ విమానాల పిస్టన్ ఇంజిన్లు విప్పి బిగించడంలోనే నా సర్వీసు సగం గడిచింది.

ఆ ఐదు నిమిషాలు ఇంజిన్ ఆయుష్షు కాదు. అది ఓవర్‌హాల్ గంటలకు సంబంధించిన లెక్క. అమెరికన్లు ఒక ఇంజిన్‌కు వార్ ఎమర్జెన్సీ పవర్ (ప్రాణం మీదికొస్తే కాసేపు వాడే గరిష్ఠ పవర్) అనుమతి ఇవ్వాలంటే టెస్ట్ స్టాండ్ మీద ఆ పవర్‌తో మొత్తం ఏడున్నర గంటలు నడిపి చూసేవాళ్లు, ఐదేసి నిమిషాల చొప్పున. ఏడున్నర గంటలు తట్టుకున్న ఇంజిన్ మీ గేమ్‌లో ఒక్క పూట తట్టుకోవడం లేదంటే, మాన్యువల్‌లో అంకెను ఎత్తి కోడ్‌లో పెట్టినవాళ్లు అది ఎందుకు రాశారో చూడలేదని నాకనిపిస్తుంది.

పి-51 మస్టాంగ్‌లో థ్రాటిల్ గేటుకు అడ్డంగా సన్నటి తీగ ఉండేది. ఎమర్జెన్సీ పవర్ కావాలంటే పైలట్ ఆ తీగ తెంపుకుని ముందుకు తోయాలి. దిగాక ఆ తెగిన తీగ చూసి క్రూ చీఫ్‌కు, అంటే ఆ విమానం మెకానిక్కుల పెద్దకు, తెలిసిపోతుంది. ఇక అతని పని మొదలు. ఆయిల్ ఫిల్టర్ తీసి లోహపు పొడి ఉందేమో చూడాలి, ప్లగ్గులు విప్పాలి, ఎన్ని నిమిషాలు వాడాడో పుస్తకంలో ఎక్కించాలి. అంటే ఆ ఐదు నిమిషాలు పైలట్ మీద ఉన్న అదుపు, తర్వాత మా మీద పడే పని. ఆరో నిమిషంలో బాంబు పేలదు.

అసలు ఇంజిన్ ఎలా పోతుందో కూడా చెప్తాను, ఎందుకంటే మీరందరూ ఒకే గాటన కట్టేస్తున్నారు. వేడి ఒక దారి. కూలెంట్ మరిగి, హెడ్డు వంగి, ఆయిల్ పల్చబడి పోవడం. ఇది మీటర్ల మీద కనిపిస్తుంది, నెమ్మదిగా వస్తుంది. రెండోది డిటొనేషన్, మన మెకానిక్కులు నాకింగ్ అనేది. సూపర్‌ఛార్జర్ గాలిని నొక్కినకొద్దీ ఆ గాలి వేడెక్కుతుంది. ఒక హద్దు దాటితే సిలిండర్లో మిగిలిన మిశ్రమం మంట తన దగ్గరికి రాకముందే ఒక్కసారిగా పేలిపోతుంది. అది గట్టిగా మొదలైతే ఐదు నిమిషాలు కూడా అక్కర్లేదు, పిస్టన్ తలకాయకు బొక్క పడుతుంది. హద్దుకు ఇవతల ఉంటే గంటసేపైనా ఏమీ కాదు. మూడోది అరుగుదల: బేరింగులు, రింగులు, వాల్వులు. ఇది ఒక్క ఫ్లైట్‌లో తేలే సంగతి కాదు. ఇవాళ అరిగింది వచ్చేవారం బయటపడుతుంది, చాలాసార్లు వేరే పైలట్ కూర్చున్నప్పుడు.

ఈ మూడింటినీ కలిపి ఒక గడియారం పెట్టేస్తే ఎలా?

కూకట్‌పల్లి_కోబ్రా | 9:12

ఫిట్టర్ గారూ, దండం సార్. ఈ పోస్ట్ పైన పిన్ చేయండి ఎవరైనా.

నల్లకుంట_నవాబ్ | 9:50

ఫిట్టర్ గారు చెప్పిన రెండో దారికి మంచి సాక్ష్యం బ్రిటిష్ మెర్లిన్ ఇంజినే. 1940లో స్పిట్‌ఫైర్, హరికేన్లకు 100 ఆక్టేన్ పెట్రోలు రాగానే ఎమర్జెన్సీ బూస్ట్ (మామూలు గాలి ఒత్తిడి మీద అదనంగా నొక్కేది) ఆరుంపావు పౌండ్ల నుంచి పన్నెండుకు పెరిగింది. 1944లో 150 గ్రేడ్ పెట్రోలు వచ్చింది. జర్మన్ల వీ-1 ఎగిరే బాంబుల వెంటపడాల్సిన రోజులవి. మెర్లిన్ 66కు పద్దెనిమిది పౌండ్లుగా ఉన్న హద్దు ఇరవై ఐదైంది. ట్యాంకులో పోసింది మారగానే హద్దు అంత జరిగిందంటే అక్కడ అడ్డుపడుతున్నది గడియారం కాదు, నాకింగే కదా.

అలిసన్ లేఖలో కోబ్రా వదిలేసిన ముక్క కూడా ఇదే. కంపెనీ గోలంతా పాత ఇంజిన్ గురించి కాదు. పి-40ఈలో సూపర్‌ఛార్జర్ గేర్ నిష్పత్తి 8.8. తర్వాత వచ్చిన ఇంజిన్‌కు 9.6. అది గాలిని ఇంకా వేడి చేస్తుంది. పాత ఇంజిన్‌లో అలవాటైన చెయ్యితో కొత్తదాన్ని కూడా 66కు లాగితే పేలిపోతుందని భయపడ్డారు. అంటే ఒకే అంకె ఒక ఇంజిన్‌కు పర్వాలేదు, దాని తమ్ముడికి ప్రాణాంతకం. దీన్ని ఏ టైమర్ చూపిస్తుంది?

అట్లని పైలట్లందరూ బుద్ధిమంతులని కాదు. 1940 ఆగస్టులో ఫైటర్ కమాండ్ అధిపతి డౌడింగే స్క్వాడ్రన్లకు రాయాల్సి వచ్చింది, అవసరం లేకపోయినా బూస్ట్ కటౌట్ (బూస్ట్ హద్దును తీసేసే మీట) లాగేస్తున్నారని, బేరింగులు పోతున్నాయని.

ఆ స్క్వాడ్రన్లలో మనదీ ఉంది. మనదేంటి అంటారేమో. 152 (హైదరాబాద్) స్క్వాడ్రన్. నిజాం ఇచ్చిన డబ్బుతో ఆ పేరొచ్చింది. దాని బ్యాడ్జీ మీద ఉన్నది నిజాం తలపాగా. బ్రిటన్ యుద్ధంలో వార్మ్‌వెల్ నుంచి స్పిట్‌ఫైర్లు ఎగరేశారు, తర్వాత బర్మాకు వచ్చారు. 253 స్క్వాడ్రన్ పేరు కూడా హైదరాబాద్ స్టేట్, వాళ్లవి హరికేన్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో 110 స్క్వాడ్రన్ డీహెచ్ 9ఏ బాంబర్లదీ అదే కథ. మన గ్రూపులో సగం మందికి గేమ్‌లోని జర్మన్ విమానాల రంగులు (స్కిన్లు) తప్ప ఇవి తెలియవు, అదీ నా బాధ.

109_రాజు | 9:58

చివరి లైన్ నాకే తగిలింది, తెలుసు.

ఫ్రేమ్‌రేట్ | 10:40

నేను గేమ్ స్టూడియోలో కోడ్ రాసేవాణ్ని. మా దగ్గర విమానాల గేమ్ లేదు, కాబట్టి ఎవరి తరఫునా మాట్లాడటం లేదు. కానీ ఆ టైమర్ పెట్టినవాడు మూర్ఖుడని అంటుంటే ఊరుకోబుద్ధి కావడం లేదు.

ఫిట్టర్ గారు చెప్పింది అక్షరాలా నిజం అనుకుందాం. మూడో దారి, అరుగుదల, ఇవాళ కనిపించదు. సరే, దాన్ని అలాగే మోడల్ చేశాం. ఆన్‌లైన్ సర్వర్‌లో ఏమవుతుంది? నువ్వు టేకాఫ్ నుంచి ల్యాండింగ్ దాకా థ్రాటిల్ గోడకు ఆనించే ఉంచుతావు. ఎందుకు ఉంచవు? దిగాక రీఫ్లై నొక్కితే కొత్త విమానం, జీరో అవర్స్ ఇంజిన్. తీగ తెంపావని అడిగే క్రూ చీఫ్ లేడు. డౌడింగ్ ఉత్తరం రాయడు. అసలు పైలట్‌కు రేపు అదే ఇంజిన్‌తో సముద్రం దాటాలన్న భయం ఉంది. మన గేమ్‌లో రేపు అనేదే లేదు. రేపు పడాల్సిన భారాన్ని ఇవాళే మీద వేయడానికి వాళ్లకు దొరికిన మొరటు సాధనం ఆ టైమర్. బాగుందని అనను. కానీ అది తీసేస్తే వచ్చే గేమ్ ఇంకా అబద్ధంగా ఉంటుంది. అందరూ ఎప్పుడూ ఎమర్జెన్సీ పవర్‌లోనే ఎగురుతుంటారు, క్రూజ్ స్పీడ్ అన్నమాటే ఉండదు.

"అయితే ర్యాండమ్ పెట్టు, ఐదు నిమిషాల తర్వాత చిన్న రిస్క్ మొదలవ్వాలి" అంటారు. నిజానికి దగ్గరగా పెడితే ఆ రిస్క్ ఎంత చిన్నదంటే ఎవడూ పట్టించుకోడు. పట్టించుకునేంత పెద్దదిగా పెడితే, ఏ తప్పూ చేయకుండానే ఇంజిన్ పోయిందని ఇదే ఫోరంలో ఇంకో థ్రెడ్ తెరుస్తారు. ఓడిపోవడం ఆటగాడు భరిస్తాడు, లాటరీలో ఓడిపోవడం భరించడు.

కూకట్‌పల్లి_కోబ్రా | 11:15

భారం ఇవాళే వేయాలంటే ఒప్పుకుంటా. కానీ కనిపించేలా వేయొచ్చు కదా? నాకింగ్ మొదలైతే చప్పుడు మారాలి, పవర్ కొద్దికొద్దిగా పడాలి, ఎగ్జాస్ట్ పొగ రంగు మారాలి. ఒక సిలిండర్ పోతే వణుకు రావాలి, కానీ మెల్లగా ఇంటికి చేరగలగాలి. ఇప్పుడున్నది ఆన్, ఆఫ్ స్విచ్. మెకానిక్ దగ్గరికి బండి తీసుకెళ్తే "ఇంజిన్ బోరుకొచ్చింది" అంటాడు, కానీ బండి అప్పటికీ నడుస్తూనే వచ్చింది కదా షెడ్డుకు!

ఈ విషయంలో డీసీఎస్ అనే ఇంకో సిమ్ కొంత నయం. అక్కడ పి-51లో 61 అంగుళాలు పదిహేను నిమిషాలు, 67 అంగుళాలు ఐదు నిమిషాలు అని మాన్యువల్ చెప్తుంది. కానీ స్పీడ్ బాగా ఉండి రేడియేటర్‌కు గాలి తగులుతుంటే ఐదు దాటినా నడుస్తుంది. అదే స్పీడ్ లేకుండా ముక్కు పైకెత్తి ఎక్కుతూ పోతే ముందే పట్టేస్తుంది. కారణం మీటర్లలో కనిపిస్తుంది. తిట్టుకుంటే నన్ను నేనే తిట్టుకుంటా.

సైనిక్‌పురి_సైడ్‌స్లిప్ | 11:31

వార్ థండర్ గేమ్ ఊసే ఎత్తలేదు ఎవరూ. అక్కడ టైమర్ లేదు, వేడి మాత్రమే. రన్‌వే మీద దిగి ఆగితే కాసేపట్లో ఇంజిన్ మళ్లీ కొత్తది. ఫిట్టర్ గారికి అలాంటి వర్క్‌షాప్ ఉంటే ఎంత బాగుండేదో.

పాత_ఫిట్టర్_అల్వాల్ | 12:20

ఉంటే నా నడుం నొప్పి ఉండేది కాదు.

ఫ్రేమ్‌రేట్ బాబు చెప్పింది బాగుంది. కానీ ఒక్క మాట. గడియారం మళ్లీ నిండటం దగ్గర మీ తర్కం నిలవదు. అరుగుదలకు బదులుగా టైమర్ పెట్టామంటున్నారు. అరిగిన బేరింగ్ నెమ్మదిగా నడిపితే మళ్లీ పెరుగుతుందా? చల్లబడేది వేడి. అరిగింది అరిగినట్టే ఉంటుంది. నిండేటట్టయితే వేడికి పెట్టండి, అరుగుదలకు పెడితే నిండకూడదు. రెండూ ఒకే గిన్నెలో పోశారు.

దుమ్ము సంగతీ ఎవరూ ఎత్తరు. బర్మాలో, ఎడారిలో తిరిగిన హరికేన్లకు, స్పిట్‌ఫైర్లకు ముక్కు కింద వోక్స్ ఫిల్టర్ అని లావుపాటి డబ్బా బిగించారు. స్పీడ్ తగ్గుతుందని తెలిసీ బిగించారంటే దుమ్ము ఇంజిన్‌ను ఎంత తినేదో ఆలోచించండి. ఇంఫాల్ దగ్గర అర్జన్ సింగ్ నడిపించిన మన ఒకటో స్క్వాడ్రన్‌వి కూడా హరికేన్లే. గేమ్‌లో ఆ ఫిల్టర్ ఒక అలంకారం.

ఫ్రేమ్‌రేట్ | 12:44

నిండే టైమర్ మీద నా దగ్గర జవాబు లేదు సార్. అది పూర్తిగా ఆట సౌకర్యం కోసం పెట్టిందే.

డెక్కన్_డైవర్ | మధ్యాహ్నం 2:30

మీరంతా థ్రాటిల్ దగ్గరే ఆగిపోయారు. నాకు మండేది తూటా దెబ్బల దగ్గర. అమెరికన్ ఫైటర్ పి-47 అంటే ఏంటి? పద్దెనిమిది సిలిండర్ల ఆర్-2800, గాలితో చల్లబడే రేడియల్. కూలెంట్ లేదు, రేడియేటర్ లేదు. 1943 జూన్ 26న రాబర్ట్ జాన్సన్ నడిపిన పి-47ను జర్మన్ ఫోకే-వుల్ఫ్ వాడు వెంటపడి, తన దగ్గరున్న చిన్న తూటాలన్నీ అయిపోయేదాకా కాల్చాడు. అయినా అది ఇంగ్లండ్ చేరింది. సిలిండర్ తలకాయలు ఎగిరిపోయి కూడా ఇంటికొచ్చిన రేడియల్ ఇంజిన్ల ఫోటోలు ఎన్ని లేవు? మరి గేమ్‌లో బాంబర్ వెనక గన్నర్ ఒక్క తూటా తగిలిస్తే ఆయిల్ లీక్, విండ్‌షీల్డ్ అంతా నలుపు, ఇంకాసేపటికి ప్రాప్ ఆగిపోవడం. ఇటు రేడియేటర్ చిల్లుపడిన 109 తెల్లటి తోక వేసుకుని ఊరంతా తిరుగుతుంటుంది. గ్లైకాల్ (కూలెంట్) పోయిన ఇంజిన్ అంతసేపు ఎట్లా నడుస్తుంది?

109_రాజు | 2:36

థ్రాటిల్ తగ్గించి, ఆర్‌పీఎం తగ్గించి, కిందకి దిగుతూ పోతే నడుస్తుంది. నీకు తెలియదు, ఎందుకంటే నువ్వెప్పుడూ తగ్గించవు.

డెక్కన్_డైవర్ | 2:38

తగ్గిస్తే నువ్వు వెనక నుంచి కొడతావు కదరా.

టవర్ (మోడరేటర్) | 2:55

"రా" దాకా వచ్చారు, జాగ్రత్త. ఇద్దరూ అమీర్‌పేటలో ఒకే కోచింగ్‌లో చదువుకున్నారని తెలుసు కాబట్టి వదిలేస్తున్నా.

పాత_ఫిట్టర్_అల్వాల్ | సాయంత్రం 4:10

డైవర్ బాబూ, ఆ ఫోటోలన్నీ తిరిగొచ్చిన విమానాలవి. రానివాటికి ఫోటో తీసేదెవరు? సిలిండర్ పోయిన రేడియల్ మిగతా సిలిండర్లతో నడుస్తుంది, అది నిజం. కానీ ఆయిల్ ట్యాంకుకో, ఆయిల్ కూలర్‌కో తూటా తగిలితే ఆర్-2800 అయినా ఆగాల్సిందే. ఆయిల్ లేకుండా మాస్టర్ రాడ్ బేరింగ్ ఎంతసేపు ఉంటుంది? కాబట్టి గేమ్‌లో ఆయిల్ లీక్ రావడం తప్పు కాదు. ఎక్కడ తగిలినా ఆయిల్ లీకే రావడం తప్పు. సిలిండర్‌కు తగిలితే పవర్ పడాలి, ఇంటేక్ పైపుకు తగిలితే బూస్ట్ పడాలి, మాగ్నెటో (ప్లగ్గులకు కరెంటు ఇచ్చేది) పోతే కొద్దిగా ఆర్‌పీఎం పడాలి, ఏ పైపుకూ తగలకపోతే రంధ్రం తప్ప ఏమీ ఉండకూడదు. ఇంజిన్‌ను ఒక పెట్టెలా కాకుండా ఇన్ని ముక్కలుగా చూస్తే మీ గొడవలో సగం తీరుతుంది.

కొత్త_పిట్ట | 5:25

అందరికీ నమస్తే. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్లి మొన్ననే జాయ్‌స్టిక్ తెచ్చుకున్నా. ప్రస్తుతం డీసీఎస్‌లో ఫ్రీగా వచ్చే టీఎఫ్-51 (శిక్షణ మస్టాంగ్) ఒక్కటే ఉంది. ఎన్నిసార్లు లేచినా ఇంజిన్ పట్టేస్తోంది. నాకు ఇంగ్లిష్ మాన్యువల్ అంతా చదివే ఓపిక లేదు అన్నా, తిట్టకండి.

నల్లకుంట_నవాబ్ | 5:41

తిట్టం తమ్ముడూ. పవర్ పెంచేటప్పుడు ముందు ఆర్‌పీఎం లివర్, తర్వాత థ్రాటిల్. తగ్గించేటప్పుడు తిరగేసి: ముందు థ్రాటిల్, తర్వాత ఆర్‌పీఎం. తక్కువ ఆర్‌పీఎం మీద ఎక్కువ మానిఫోల్డ్ ప్రెషర్ పెడితే, ఫిట్టర్ గారు చెప్పిన నాకింగ్ కొని తెచ్చుకున్నట్టే. లేవగానే రాకెట్‌లా పైకి పోకు. ముక్కు కాస్త దించి స్పీడ్ రానీ, కూలెంట్ మీటర్ చూస్తూ ఎక్కు.

సైనిక్‌పురి_సైడ్‌స్లిప్ | 5:48

ఇంకోటి, మధ్యాహ్నం పూట ఆడకు. ఈ మే ఎండలకు విమానం కంటే ముందు నీ పీసీయే ఓవర్‌హీట్ అవుతుంది.

కూకట్‌పల్లి_కోబ్రా | రాత్రి 8:15

ఫ్రేమ్‌రేట్ అన్న మాట మధ్యాహ్నం నుంచీ బుర్రలో తిరుగుతోంది. గేమ్‌లో రేపు లేదంటే మనమే పెట్టుకుందాం. రేపటి ఆదివారం సెషన్ డీసీఎస్‌లో పెడదాం, నార్మండీ మ్యాప్. అక్కడ గడియారం గొడవ తక్కువ. ఒక్కొక్కరికి ఒక ఇంజిన్, దానికి ఒక నంబర్. ఎమర్జెన్సీ పవర్ ఎంతసేపు వాడారో దిగాక చెప్పాలి. అనుమానం వస్తే ట్రాక్ రికార్డింగ్ వేసి చూద్దాం. ఐదు నిమిషాలు దాటితే తర్వాతి సార్టీకి (ఫ్లైట్‌కు) ఆ ఇంజిన్ వర్క్‌షాప్‌లో ఉన్నట్టు. అంటే ఆ మనిషి కూర్చుని చూడాలి.

109_రాజు | 8:22

నా 109 కే-4లో ఎండబ్ల్యూ 50 (ఇంజిన్‌లోకి నీళ్లూ మిథనాలూ చల్లే ఏర్పాటు) ఉంది. దాని మాన్యువల్ పది నిమిషాలు ఇస్తుంది. నాకు పది కావాలి.

డెక్కన్_డైవర్ | 8:24

చూశారా, రూల్ పుట్టకముందే బేరం మొదలు.

పాత_ఫిట్టర్_అల్వాల్ | 8:40

పది ఇవ్వండి అతనికి, మాన్యువల్లో ఉంది. కానీ ఒకసారి వాడాక కనీసం ఐదు నిమిషాల విరామం కూడా అదే మాన్యువల్లో ఉంది. పైగా ఆ నీళ్లూ మిథనాలూ వాడిన ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్గులు త్వరగా మార్చాలి. కాబట్టి రెండు సార్టీలకోసారి రాజు ప్లగ్గుల కోసం బయట కూర్చుంటాడు. పుస్తకం నేను రాస్తాను. దిగిన వెంటనే చెప్పాలి, మళ్లీ లేచేటప్పుడు చెప్తే ఒప్పుకోను.

109_రాజు | 8:43

అయితే నాకు ఐదే చాలు.

కొత్త_పిట్ట | 8:51

నేను రావచ్చా? కానీ టీఎఫ్-51లో గన్నులు ఉండవు కదా.

కూకట్‌పల్లి_కోబ్రా | 8:53

గన్నులు లేకపోతే ఏం, ఎర నువ్వే. రాత్రి తొమ్మిదిన్నరకు, డిస్కార్డ్‌లో రెండో రూమ్. నీ ఇంజిన్ నంబర్ 7, రాసిపెట్టుకో.